అటకమీది కుంచము

నేటి నా ప్రసంగమునకు విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. రాజుల దండయాత్రలు గాని, కోటల ముట్టడులు గాని, కవులకు జరిగిన కనకాభిషేకములు గాని యిందు లేవు. గిద్దె, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము, తూము, పుట్టి: ఇవియే నా కథానాయకులు. మొన్నమొన్నటి వరకు ఇవి లేని తెలుగు పల్లె లేదు. ఉదయమున బియ్యపు కుండలో చేయి పెట్టు నిల్లాలు మొదలుకొని, మాపటివేళ దీపము ముందు కూర్చుండి లెక్క వ్రాసికొను కరణము వరకు, అందరి బ్రతుకులును వీని చుట్టును తిరిగినవి. ఏ రాజు ఏ సంవత్సరమున పట్టాభిషిక్తుడయ్యెనో యెరుగనివారు మన గ్రామములలో వేలకొలది యుండిరి గాని, కుంచమునకు మానిక లెన్నియో యెరుగనివా రుండలేదు.

చరిత్ర యనగానే మనకు కత్తులు, కిరీటములు, తామ్రశాసనములు జ్ఞప్తికి వచ్చును. వానిని దాచుటకు ప్రదర్శనశాలలు కలవు, కాపలాదారులు కలరు. దినమును చేతనాడు వస్తువునకు మాత్రము కాపలా యుండదు. అది చేతనున్నంత కాలము దాని విలువ యెవ్వరును తలపరు. చేజారిన పిమ్మట తలచినను దొరకదు. అందుచేత లోకమున ముందుగా నశించునవి అపురూపవస్తువులు గావు. అందరి యిండ్లలో నుండిన వస్తువులే ముందుగా నశించును. నేడు మన కుంచము అటకమీద దుమ్ముపట్టి యున్నది. పాతసామానులు కొనువాడు వీధిలో కేక వేసినప్పుడు, ఇంటివారు దానిని దింపి యిచ్చివేయుచున్నారు. జీవితకాల మంతయు ఊరిలోని గింజలను కొలిచిన కుంచము, కడకు తానే కిలోగ్రాముల లెక్కను తూకమునకు పోవుచున్నది. ఆ కేక మన వీధిలో వినబడకముందే దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనవలెనని నా కోరిక.

ముందుగా దాని కుటుంబమును పరిచయము చేయుదును. ఈ లెక్క పెద్దలకు కొత్త గాదు. పిల్లలకు వినిపించుటకై చెప్పుచున్నాను. 4 గిద్దెలు 1 సోల. 2 సోలలు 1 తవ్వ. 2 తవ్వలు 1 మానిక. 2 మానికలు 1 అడ్డ. 2 అడ్డలు 1 కుంచము. 2 కుంచములు 1 ఇరస. 2 ఇరసలు 1 తూము. 20 తూములు 1 పుట్టి. రెండు తూములైన ఇద్దుము, మూడైన ముత్తుము, అయిదైన ఏదుము, పదియైన పందుము. అనగా ఏదుము పుట్టిలో పాతిక, పందుము పుట్టిలో సగము. ఇది అనేక మండలములలో వాడుకలో నుండిన లెక్క. రాయలసీమలో పడి, బళ్ళ యనియు, తెలంగాణములో పెద్దకొలతకు పల్లా యనియు వేరు పేర్లు కూడ వినవచ్చుచుండెను.

ఇందు ఒక విశేషము గమనింపుడు. గిద్దె నుండి తూము వరకు ప్రతి కొలతయు దాని క్రిందిదానికి రెట్టింపో, నాలుగు రెట్లో యగును. పదులు లేవు, నూరులు లేవు. ఎందుచేత ననగా, ఒక రాశిని రెండు సమభాగములు చేయుటకు ఏ యంత్రమును అక్కరలేదు. రెండు పాత్రలలో పోసి, రెండింటిని సరిచూచికొన్న చాలును. అదే పదిభాగములు చేయవలెనన్నచో చదువరికి సయితము తడబాటు కలుగును. చదువులేని కూలివానికి తన కూలి సరిగా ముట్టినదో లేదో కంటితో తెలిసికొను వెసులుబాటు ఈ రెట్టింపు లెక్కలో నుండెను. మన పూర్వు లెవ్వరో కూర్చుండి, కాగితముమీద గీసి యేర్పరచిన పద్ధతి కాదిది. చేతులలో, చేటలలో, కళ్ళములలో పుట్టి పెరిగిన పద్ధతి.

ఈ కొలతకు తగినట్లే నాటి నాణెములు కూడ నుండెను. రూపాయికి 4 పావలాలు, 8 బేడలు, 16 అణాలు, 64 కానులు. కుంచమునకు 4 మానికలు, 8 తవ్వలు, 16 సోలలు, 64 గిద్దెలు. రెండు లెక్కలను ప్రక్కప్రక్కన నిలిపి చూడుడు. కుంచము గింజలు రూపాయి యైనచో మానిక పావలా, తవ్వ బేడ, సోల అణా, గిద్దె కాని. అర్ధరూపాయి యైనచో అందులో సగము. కాగితము లేదు, కలము లేదు; అంగడి గడపలో నిలుచున్న ముసలమ్మ తాను పుచ్చుకొన్న సోలెడు పప్పునకు ఎంత యిచ్చుకొనవలెనో కనురెప్ప వాల్చునంతలో చెప్పగలిగెడిది. ఆమెకు లెక్కలు రావని మనము చెప్పుదుము. లెక్క ఆమెకు కొలతలోనే యిమిడియుండెను.

భిన్నములు సయితము ఈ త్రోవనే నడచినవి. సగము అర, అందులో సగము పాతిక, అందులో సగము పరక, అందులో సగము వీసము. వీసమనగా 16వ వంతు. కాని యనగా 64వ వంతు. వీనిని వ్రాయుటకు మన లిపిలో ప్రత్యేకమైన గుర్తులు కలవు. పాతికలకు నిలువుగీతలు, వీసములకు అడ్డగీతలు. ఆపైన మరల నిలువుగీతలు, మరల అడ్డగీతలు. పాతికల స్థానమున ఏమియు లేదని తెలుపు గుర్తునకు హళ్ళి యని పేరు. వీసముల స్థానమున ఏమియు లేనిచో సున్న చుట్టుదురు. "హళ్ళికి హళ్ళి, సున్నకు సున్న" యని మనము నేటికిని అనుచుందుము. ఆ మాట యెక్కడిదో అడిగినచో చెప్పగలవా రెందరు? అది కరణముల లెక్కల నుండి వచ్చిన పలుకు. పాతికలును లేవు, వీసములును లేవు. మిగిలినది శూన్యమని దాని భావము. ప్రపంచములోని లిపుల నన్నిటిని కంప్యూటరులకు అందించు యూనికోడ్ పట్టికలో మన భిన్నముల గుర్తులకు 2008లో స్థానము లభించినది. యంత్రమునకు ఆ గుర్తులు తెలిసినవి. మన పిల్లలకు తెలియవు.

ఇక కళ్ళము వద్దకు పోదము. నూర్పిడి ముగిసి, తూర్పారబట్టి, ధాన్యము రాశి పోసిన దినము రైతునకు పండుగ దినము. రాశికి పూజ చేసి, కొలుచువాడు తూర్పుమొగముగానో, ఉత్తరముగానో కూర్చుండి కుంచము ముంచెడివాడు. మొదటి కుంచమును "ఒకటి" యని యనడు, "లాభము" అనును. తరువాతనే రెండు, మూడు. ఏడవ కుంచమునకు "ఏడు" అనిన ఏడ్పు ధ్వనించునని, కొన్ని చోట్ల "ఆరున్నొకటి" యనెడివారు. మా పెద్దలు ఈ విధముగా కొలుచుచుండగా నేను విన్నాను. చదువుకొన్నవారు దీనిని మూఢనమ్మకమని నవ్వవచ్చును. కాని ఆరుమాసములు ఎండకు, వానకు, దైవమునకు వెరచుచు సాకిన పంట అది. దానిని లెక్కించు నోట మొట్టమొదట శుభమైన మాట రావలెనని కోరుట మానవహృదయ ధర్మము.

ఆ కుంచముతో కొలిచినది రైతు పంట యొక్కటే కాదు. కమ్మరికి, వడ్రంగికి, కుమ్మరికి, చాకలికి, మంగలికి, పురోహితునకు, కావలివానికి కళ్ళములోనే మేరలు కొలిచి యిచ్చెడివారు. ఏడాది పొడుగున నాగలి కఱ్ఱు సాగగొట్టిన వానికి, కుండలు చేసి యిచ్చిన వానికి ఆ నాటి కొలతయే జీతము. ఈ మేరలలో న్యాయ ముండెను, అన్యాయమును ఉండెను. ఎక్కువ పాటుపడినవానికి తక్కువ గింజలును, తక్కువ పాటుపడినవానికి ఎక్కువ గింజలును ముట్టుట మనమెరిగినదే. అయినను ఒక యూరి సంఘము ఎట్లు కూడి బ్రతికెనో తెలిసికొనగోరు చరిత్రకారునకు, ఆ కళ్ళములో ఎవరికెన్ని కుంచములు పోయినవో తెలిపెడి కాగితము రాజశాసనముకంటె తక్కువది గాదు.

మనిషి దేహమే తొలి కొలబద్ద యను మాట కూడ ఇక్కడ చెప్పవలెను. చిటికెడు ఉప్పు, పిడికెడు మెతుకులు, చారెడు నూకలు, దోసెడు పూలు అని చేతితో కొలిచితిమి. నాలుగు వ్రేళ్ళ వెడల్పు బెత్తెడు. చాచిన చేతి బొటనవ్రేలి నుండి చిటికెనవ్రేలి వరకు జాన. మోచేతి నుండి నడిమివ్రేలి కొన వరకు మూర. చాచిన రెండు చేతుల పొడవు బార. రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. వీనిలో మూర మాత్రము ఇంకను చావలేదు. పూలమ్మెడి స్త్రీ నేటికిని మల్లెపూలను మోచేతికి చుట్టియే కొలుచును. ఆమె మూర కొంచెము పొట్టిదని కొనువారు గొణుగుదురు గాని, ఆమెను మీటరుబద్ద తెమ్మని యెవ్వరు నడుగరు.

ఇంతవరకు నేను చెప్పినదంతయు విని, పూర్వపు కొలతలన్నియు బంగారమనియు, నేటివన్నియు ఇత్తడియనియు నా మతమని మీరు తలపవలదు. పాతకొలతలలో గొప్ప దోషము లుండెను. ఒక యూరి కుంచము మరియొక యూరి కుంచముతో సరిపోయెడిది కాదు. ఒకే యింట రెండు కుంచము లుండిన కథలు మీరును వినియుందురు: అప్పిచ్చునప్పుడు చిన్నది, అప్పు రాబట్టుకొనునప్పుడు పెద్దది. ఒకే కుంచమైనను, అంచు వెంబడి కఱ్ఱతో త్రోసి కొలుచుట యొకటి, పైన గోపురముగా పోసి కొలుచుట యొకటి. త్రోసి కొలిచి యిచ్చి, గోపురము పోసి పుచ్చుకొన్నచో వడ్డీ మాట నోట రాకుండగనే వడ్డీ వచ్చిపడును. మెల్లగా పోసిన గింజలు వదులుగా నిలుచును. కుంచమును కుదిపి పోసిన గింజలు సర్దుకొని యెక్కువ పట్టును. ఈ మర్మము లెరిగినవాడు బాగుపడెను; ఎరుగని పేదవాడు మోసపోయెను.

తూకములలో చిక్కు మరింత యెక్కువ. రాజధాని మద్రాసుగా నుండిన తెలుగు జిల్లాలలో 3 తులములు పలము, 8 పలములు శేరు, 5 శేర్లు వీసె, 8 వీసెలు మణుగు, 20 మణుగులు బారువ. తులము 11 గ్రాములా 66 సెంటీగ్రాములు. నాటి వెండిరూపాయి తూకము సరిగా తులమే. కనుక వీసె యనగా 120 తులములు, నేటి లెక్కకు ఇంచుమించు 1,400 గ్రాములు. మణుగు 11 కిలోలకు పైగా 200 గ్రాములు. ఉత్తరదేశమున నన్ననో, శేరు 80 తులములు, మణుగు 40 శేర్లు. అనగా 37 కిలోలకు మించినది. పేరొక్కటే, బరువు మూడు రెట్లకు పైగా భేదము. ఒక ప్రాంతపు వర్తకుడు మరొక ప్రాంతమునకు బెల్లము పంపవలెనన్న, సరకుతోపాటు లెక్క తెలిసిన గుమాస్తాను కూడ పంపవలసియుండెను. నాణెములలోను అంతే. హైదరాబాదు సంస్థానములో హాలీసిక్కా చెల్లెను. ఇంచుమించుగా 7 హాలీరూపాయలు 6 బ్రిటిషు రూపాయలకు సమానము. ఎల్ల దాటిన రైతు తన చేతిలోని డబ్బును మార్చుకొనక యేమియు కొనజాలకుండెను.

1956 నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర మేర్పడినది. ఆ సంవత్సరము డిసెంబరులోనే దేశమంతటికిని ఒకే తూనికలు, ఒకే కొలతలు ఉండవలెనని పార్లమెంటు శాసనము చేసినది. 1957 ఏప్రిల్ 1 నుండి రూపాయికి 100 నయాపైసలైనవి. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము కొన్ని ప్రాంతములలో అమలునకు వచ్చి, 1962 ఏప్రిల్ నాటికి దేశమంతటను తప్పనిసరి యైనది. హాలీసిక్కా 1959 నాటికి పూర్తిగా చెలామణి తప్పినది. పావలా కాసు కూడ 2011 జూన్ 30తో చెల్లకుండపోయినది. ఈ మార్పు మంచిదే. శ్రీకాకుళము నుండి ఆదిలాబాదు వరకు, కన్యాకుమారి నుండి కాశ్మీరము వరకు కిలో యొక్కటే యగుటచే బీదవాని కొంగులో గింజలు మిగిలినవి. మోసము పూర్తిగా పోలేదు గాని, మోసమును మోసమని నిరూపించుటకు ఒక నికరమైన ప్రమాణము దొరకినది.

ఆ కొత్తకొలత చరిత్ర కూడ రసవంతమైనది. 1791లో ఫ్రాన్సు దేశపు పండితులు, ఏ రాజు మూరనో, ఏ యూరి కుంచమునో ప్రమాణముగా గైకొనక, భూమినే ప్రమాణముగా గైకొందమని నిశ్చయించిరి. ఉత్తరధ్రువము నుండి భూమధ్యరేఖ వరకు గల దూరములో కోటవ వంతు మీటరు. మీటరులో పదవవంతు పొడవు, వెడల్పు, లోతు గల పాత్రయందు పట్టు నీరు ఒక లీటరు. ఆ నీటి బరువు కిలోగ్రాము. 1799లో దానికి ప్లాటినముతో ప్రమాణములు పోతపోసిరి. 1889లో మరింత మేలైన కిలోదిమ్మెను ప్రపంచమునకంతకు ప్రమాణముగా నిలిపి, పారిస్ నగరమునకు సమీపమున భద్రముగా దాచిరి. తుదకు 2019 మే 20వ తేదీన ఆ దిమ్మెకును విశ్రాంతి యిచ్చిరి. కిలోకు ఇప్పుడు ప్రకృతిలోని యొక స్థిరసంఖ్యయే ఆధారము. అనగా మన కుంచమును అటక యెక్కించిన కిలోదిమ్మె కూడ నూటముప్పది యేండ్లకు కొలువు చాలించినది. అయితే వా రేమి చేసిరి? పనికిరాదని పాతసామానులవానికి అమ్మలేదు. దానిని దాచియే యుంచిరి. నేను మిమ్ము గమనింపుమని కోరునది ఇదియే. కొత్తదానిని స్వీకరించుట వేరు, పాతదానిని పారవేయుట వేరు. మొదటిది వివేకము, రెండవది దానితో ముడిపడినది గాదు.

పాతకొలత పోయిన నష్టమేమని అడుగువారున్నారు. ఒక యుదాహరణము చెప్పెదను. ద్రాక్షారామ భీమేశ్వరాలయమున నూరులకొలది శాసనములు కలవు. వానిలో అనేకములు అఖండదీపములకు చేసిన దానములను తెలుపును. దాత కొంత మందను ఇచ్చును; దానిని మేపుకొనువాడు దినదినమును మానెడు నేయి దీపమునకు పోయవలెను. ఆ శాసనములలో కొన్ని తొమ్మిదివందల యేండ్లనాటివి. రాతిమీది అక్షరము చెక్కుచెదరలేదు. చదువగల పండితులును కలరు. కాని ఆ "మానెడు" ఎంత? ఆ దీప మెంతసేపు వెలిగెను? ఆ మంద కాపరికి మిగిలిన దెంత? మానిక తెలియనిచో శాసన మంతయు చదివియు సగమే తెలిసినట్లు. కల్నల్ మెకంజీ సేకరింపించిన గ్రామ కైఫీయతులలోను, మన యిండ్లలోని పాత క్రయపత్రములలోను, మాన్యముల లెక్కలలోను ఇదే చిక్కు. భూమిని సయితము విత్తనపు కొలతతో చెప్పెడివారు; పుట్టెడు నేల, తూమెడు నేల యని. అంత నేల యనగా అంత విత్తనము పట్టు నేల. ఏ యూరి తూమో తెలియక ఆ నేల విస్తీర్ణము తేలదు.

నిఘంటువులు లేవా యందురేమో. కలవు. బ్రౌను దొర 1852లో ప్రకటించిన నిఘంటువులో ఈ మాటలు కానవచ్చును. కాని నిఘంటువు కుంచమునకు మానిక లెన్నియో చెప్పును. మీ యూరి కుంచములో గింజ లెంత పట్టెనో చెప్పలేదు. అది రెండే చోట్ల నున్నది: మీ అటకమీద నొకటి, మీ జ్ఞప్తియందు నొకటి. పూర్వము ఊరి కరణము దానిని ఎరిగియుండెడివాడు. 1984లో ఆ గ్రామోద్యోగములు రద్దయిన పిమ్మట, ఆ లెక్కల యెరుక వారసత్వముగా సంక్రమించు దారి కూడ మూసికొనిపోయినది. కుంచముతో కొలిచి వ్యవసాయము చేసిన చేతులు నేడు ఎనుబది యేండ్లకు మించిన చేతులు. వానితోపాటు పోవునది మరి యే గ్రంథాలయమునను దొరకదు.

మాటలు మాత్రము ఇంకను మన నోట నున్నవి. పుట్టెడు దుఃఖమందుము, పుట్టి యనగా 320 మానికలని తెలిసినప్పుడు గదా ఆ దుఃఖపు బరువు తెలియుట! వీసమెత్తు బుద్ధి లేదందుము. 16వ వంతైనను లేదని దాని యర్థము. పదహారణాల తెలుగువా డందుము; రూపాయికి అణాలు పదహారని తెలియని బిడ్డకు అది యే వన్నెయో బోధపడదు. బారెడు ప్రొద్దెక్కినదందుము, ఆకాశమున చేతులు చాచి సూర్యుని కొలిచిన రైతు కన్ను ఆ మాటలో నున్నది. వస్తువు పోయిన పిదప మాట కొంతకాలము నిలుచును. గింజలు తీసిన పొట్టువలె, చూచుటకు అదే యాకారము. లోపల మాత్రము బరువుండదు. తుదకు గాలి వీచినప్పుడు అదియు లేచిపోవును.

మరియొక చిత్రము చెప్పెదను. నేడు పెక్కు యిండ్లలో విద్యుత్తుతో అన్నము వండు పాత్రలు వచ్చినవి. వానితోకూడ బియ్యము కొలుచుటకు ఒక చిన్న గిన్నె యిత్తురు. దానిలో 180 మిల్లీలీటర్లు పట్టును. 200 గాక, 100 గాక, ఈ 180 యేమి? అది జపానుదేశపు ప్రాచీనమైన బియ్యపు కొలత, పేరు "గో". ఆ దేశమువారు కూడ వర్తకములో లీటరును, కిలోను స్వీకరించిరి. అయినను వంటయింటి కొలతను విడువలేదు. యంత్రము చేసినప్పుడు దానిలోనికి తమ గిన్నెను ఎక్కించిరి. ఆ గిన్నె సముద్రము దాటి వచ్చి మన బియ్యపు డబ్బాలో కూర్చున్నది. మన కోడండ్రు దానితో కొలిచి వండుచున్నారు. మన సోల మాత్రము అటకమీద నున్నది. పరదేశపు సోలను నేను నిందింపను; అది తనవారి ప్రేమచేత బ్రతికినది. మనదియు నట్లే బ్రతుకగలిగియుండెడిది.

కావున పెద్దలారా, మిమ్ము నేను కోరునది గొప్ప త్యాగమేమియు గాదు. మరల కుంచములతో వర్తకము చేయుమని నేను చెప్పను. అది చట్టమునకును, న్యాయమునకును విరుద్ధము. మీ అటకమీది పాత్రను క్రిందికి దింపుడు. తుడిచి చూడుడు. ఇత్తడిదైన నీరు నిండించి, ఎన్ని లీటర్లు పట్టెనో కొలువుడు. కొయ్యదైన, నీరు కారునేమో గనుక, ఆవాలు నిండపోసి, వానిని లీటరు పాత్రతో కొలువుడు. ఆపైన అంచువరకు ధాన్యము పోసి యెంత తూగెనో, గోపురముగా పోసి యెంత తూగెనో రెండును వ్రాయుడు. ఊరి పేరు, పాత్ర పేరు, దానితో ఏమి కొలిచెడివారో, ఎవరెవరికి ఎన్ని కుంచముల మేర యిచ్చెడివారో వ్రాయుడు. మీ కళ్ళములో మొదటి కుంచము నేమని పిలిచెడివారో, ఏడవదాని నేమనెడివారో వ్రాయుడు. ఒక పూట పని; ఒక ఠావు కాగితము. ఒక ప్రతి యింట నుంచికొని, ఒకటి ఊరి బడికో, గ్రంథాలయమునకో యిండు. మనుమడు చరవాణితో పాత్ర బొమ్మ తీయగలడు. దానిని మీ వ్రాతకు జతపరుపుడు. ఒక్కొక్క గ్రామము నుండి ఇట్టి కాగిత మొక్కటి లభించినచో, ఏ రాజును వ్రాయింపని, ఏ పండితుడును వ్రాయజాలని చరిత్ర మనకు సిద్ధించును.

ఇది కుంచమునకు మాత్రమే చెప్పిన మాట కాదు. మీ యింట నేడు మూలబడియున్న కవ్వము, తిరుగలి, రోకలి, గొఱ్ఱు, కపిల బాన, ఏతము, వీనిలో నొక్కొక్కదానికి ఇట్టి చరిత్ర కలదు. అంతేకాదు, నేడు మీ చేతిలో నలుగుచు, మీ కంటికి ఆనకుండ నున్న వస్తువులకును రేపు ఇదే గతి. వానిని ఉన్నప్పుడే ఒకసారి నిలిచి చూచుట మంచిది. దేని పని యేమి, అది యెట్లు చేయబడినది, దాని పేరేమి, దానినుండి పుట్టిన సామెత యేమి యని పిల్లలకు చెప్పుడు. వస్తువు పోక తప్పదు. కాలము దానిని తీసికొనిపోవును. కాని పేరుతోను, పట్టుతోను, పనితోను మనము వ్రాసియుంచినచో, అది మన చరిత్రలో నిలుచును.

మీలో నెవరైనను ఈ మాటలు విని, ఆ లెక్క వ్రాయ మొదలిడినచో, తొలి వరుసకు "ఒకటి" యని సంఖ్య వేయకుడు. మన పెద్దలవలె "లాభము" అని వ్రాయుడు.